మూడోసారి మిట్ట ఎక్కినప్పుడు

నాలుగు గంటలకి ఫైలు మూసేస్తానని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. అప్పుడు టైము రెండూ పది.

పోలీస్ స్టేషన్ వెనక రేకుల షెడ్డులో కారు నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళ పాతది, మీగడ రంగు. మంగళవారం పొద్దున అది రాతి క్వారీ నీళ్ళలో పడింది. మధ్యాహ్నం క్రేనుతో బయటికి లాగారు. ఇవాళ శుక్రవారం. మూడు రోజులైనా సీట్ల అడుగు నుంచి ఇంకా బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. స్టీరింగు వెనక దొరికిన మనిషికి డెబ్భై ఒక్కేళ్ళు. రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. బతికున్నన్నాళ్ళూ గీత వంకర పోకుండా గీసినవాడు. ఆఖరికి కారుని తిన్నగా నీళ్ళలోకి తోలుకున్నాడని స్టేషనంతా అనుకుంటోంది.

ఆయన కూతురు షెడ్డు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక కాగితం, దాని మీద పెన్ను. మా నాన్నగారు మనసు కుంగిపోయి తనంతట తానే ప్రాణం తీసుకున్నారు, ఇందులో నాకెవరిమీదా అనుమానం లేదు అని కాగితంలో ఉంది. ఆమె సంతకం పెడితే అయిపోతుంది. ఆమె పెట్టలేదు. పెట్టననీ అనలేదు.

సోమవారం సాయంత్రం ఆమె నాన్నకి ఫోన్ చేసింది. ఒంటరిగా ఉండొద్దు, మా ఊరు వచ్చెయ్ అంది. కారుని వదిలి రాలేనన్నాడు. ఆమెకి విసుగొచ్చింది. "అమ్మే పోయింది నాన్నా, ఆ డొక్కు కారు ఉంటే ఎంత, పోతే ఎంత" అనేసింది.  ఆయన సరేనమ్మా అని పెట్టేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ కారే ఆయన్ని తీసుకుపోయింది.

నిన్న డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి ఆమె అడిగింది ఒక్కటే. "నా మాటకి పోయాడా, కాదా? ఏ జవాబైనా భరిస్తాను. తెలియకుండా బతకలేను."

డిటెక్టివ్‌ని తెలిసినవాళ్ళు గడియారం అంటారు. ఎవరేం చెప్పినా ముందు టైము రాసుకుని ఆ తర్వాత మాట రాసుకుంటుంది. ఆ పేరు పెట్టింది ఇన్‌స్పెక్టరే. ట్రైనింగులో ఇద్దరూ ఒకే బ్యాచి. ఆమె నాలుగేళ్ళకే ఉద్యోగం మానేసి సొంత బోర్డు పెట్టుకుంది. అప్పటినుంచి అతను మూసిన ఫైళ్ళలో రెండు ఆమె తెరిచింది. అతను ఆ రెండూ మర్చిపోలేదు.

"నీ ముల్లు ఎంతదాకా వచ్చింది గడియారం?" అన్నాడు లోపలికొస్తూ.

"నీ టైముకంటే కొంచెం వెనక ఉంది. నువ్వెప్పుడూ ఫాస్టేగా."

అతను నవ్వలేదు. వేళ్ళు మడుస్తూ తన లెక్క చెప్పాడు. ఆరూ ముప్ఫై ఎనిమిదికి ఎదురింటి టీచరు చూసింది, కారు గేటు దాటింది, లోపల ఆయనొక్కడే. ఆరూ యాభై రెండుకి పెట్రోల్ బంకు నుంచి బయల్దేరింది, అక్కడి కెమెరాలోనూ ఆయనొక్కడే. బంకు నుంచి క్వారీకి తొమ్మిది నిమిషాలు. ఏడూ ఇరవైకి కారు నీళ్ళలో పడ్డ చప్పుడు క్వారీ కాపలాదారు విన్నాడు. కాపలా గుడిసె రాళ్ళగుట్ట వెనక ఉంది కాబట్టి కంటితో చూడలేదు, విన్నాడంతే. నీళ్ళ అంచునుంచి పైకి లేచే మిట్ట కారు ఎక్కింది, దిగింది. మళ్ళీ ఎక్కింది, దిగింది. మూడోసారి సగంలో ఇంజను ఆగిపోయింది. అర నిమిషం నిశ్శబ్దం. తర్వాత రాళ్ళు దొర్లిన చప్పుడు, నీళ్ళు.

రెండుసార్లు ధైర్యం చాలక వెనక్కి తిరిగాడని ఇన్‌స్పెక్టర్ వాదన. మూడోసారి తానే ఇంజను ఆపి, బ్రేకు వదిలేశాడు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. బంకులో పెట్రోలు పోసిన మనిషి చెప్పాడు, ఆయన ఎవరూ కనపడని వెనక సీటు వైపు తిరిగి 'బాగా వినబడుతోందా?' అని అడిగి నవ్వాడట. పాపం, పోయిన భార్యతో మాట్లాడుకుంటున్నాడు అనుకున్నాడట ఆ మనిషి.

బల్ల మీద కూతురు కళ్ళు మూసుకుంది. ఆ మాట ఆమె మంగళవారమే విన్నది. విన్న ప్రతిసారీ కొత్తగానే గుచ్చుకుంటోంది.

డిటెక్టివ్ తన వైపు లెక్క చెప్పింది. ఎదురింటివాళ్ళ దగ్గర బ్యాటరీ చార్జరు ఆయన ఆదివారం అడిగి తీసుకున్నాడు. కూతురు మాట అన్నది సోమవారం. అంటే కారు బాగుచెయ్యాలన్న ఆలోచన ఆ మాటకంటే ముందే ఉంది.

"ఆదివారం బాగుచెయ్యాలనుకున్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సోమవారం అది దేనికి పనికొస్తుందో తేల్చుకున్నాడు."

మాట పదునుగా ఉంది. కాదనడానికి లేదు. డిటెక్టివ్ నోట్‌బుక్‌లో దాన్ని కూడా రాసుకుంది.

బంకులో ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకున్నాడే అంది. అలవాటన్నాడు. డిక్కీలో ఉన్న స్టెప్నీ టైరుకి కూడా గాలి పట్టించాడే అంది. అదీ అలవాటేనన్నాడు. అప్పుడామె శవం జేబులో దొరికిన వస్తువుల జాబితా అడిగింది. కళ్ళజోడు కేసు, పెన్సిలు ముక్క, రెండు బోల్టులు. ఏం బోల్టులవి అని అడిగితే, పాత కారున్నవాడి జేబులో బోల్టులు కాక ముత్యాలుంటాయా అన్నాడు.

ఆమె కూతురి పక్కన వెళ్ళి కూర్చుంది. ఆ కారు సంగతి మొదట్నుంచీ చెప్పమంది.

చెప్పడం మొదలుపెట్టాక కూతురి గొంతు కొంచెం తేటపడింది. మూడేళ్ళ కిందట కారుకి ఒక జబ్బు చేసింది. తాళం తిప్పగానే వెనక సీటు కింద నుంచి రెండు క్షణాలపాటు సన్నగా 'జుమ్' మని వినపడేది, అది వినపడటం మానేసింది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. పెద్దమేస్త్రి వచ్చి చూశాడు. పెద్దమేస్త్రి, చిన్నమేస్త్రి అని అన్నదమ్ములిద్దరు. ఆ కారు పుట్టినప్పటినుంచీ వాళ్ళ షెడ్డుకే వెళ్ళేది. ఆయన ఫ్యూజు చూశాడు, రిలే మార్చి చూశాడు, పంపు దాకా కరెంటు వస్తోందో లేదో చిన్న బల్బు పెట్టి చూశాడు. అన్నీ బాగున్నాయి. చివరికి కారు కిందికి దూరి ట్యాంకు అడుగున చెక్క సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. పంపు నిద్రలేచింది. పెట్రోలు లాగే ఫ్యూయల్ పంపు ముసలిదైపోయిందమ్మా, లోపల బ్రష్షులు అరిగిపోయాయి, ఈ దెబ్బలతో ఎన్నాళ్ళో బతకదు, మార్చెయ్యండి అన్నాడు.

అమ్మ ఆ సుత్తి ఇలా ఇవ్వండి అని తీసేసుకుంది.

అప్పటినుంచి ఆ కారు కదలాలంటే ఇద్దరుండాలి. నాన్న తాళం పట్టుకుని కూర్చునేవాడు. అమ్మ మంచి బట్టలు కట్టుకుని, నేల మీద న్యూస్‌పేపరు పరిచి, దాని మీద మోకాళ్ళు ఆనించి, ట్యాంకు కింద 'టక్ టక్' మని కొట్టేది. ఇంజను అందుకోగానే వెనకనుంచి పరుగున వచ్చి ముందు సీట్లో కూర్చునేది. వానొస్తే ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో సుత్తి. వీధిలోవాళ్ళు నవ్వితే ఆవిడ వాళ్ళకంటే ముందు నవ్వేది. ఏ ఊరు వెళ్ళినా తలుపు కొట్టి పలకరించినట్టు ముందు కారుని పలకరించాలి మా ఇంట్లో అనేది. నాన్న కొత్త పంపు కొనుక్కొస్తే, డబ్బా చేతిలో తిప్పి చూసి అలమారలో పెట్టేసింది. దీన్ని బిగిస్తే నాకు పనేముంటుంది, నేను పోయాక బిగించుకోండి అంది, వేళాకోళంగానే.

పదకొండు నెలల కిందట ఆవిడ పోయింది. కొట్టే చెయ్యి లేక కారు ఇంటి షెడ్డులోనే ఉండిపోయింది. డబ్బా అలమారలోనే ఉండిపోయింది. మంగళవారం సాయంత్రం కూతురు ఊరినుంచి వచ్చి ఇంట్లో అడుగుపెట్టేసరికి బల్ల మీద ఆ డబ్బా విప్పి ఉంది. లోపల ఏమీ లేదు.

"చూశావా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "ఆవిడ పోయాక బిగించుకోమంది. ఆయన బిగించుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాడు. తోడు లేకుండా కారు కదలాలంటే కొత్త పంపు ఉండాలి. ఇంతకంటే ఇంకేం కావాలి నీకు?"

డిటెక్టివ్ టైము చూసింది. రెండూ యాభై. ఆ పంపు ఎవరు బిగించారో కావాలి అంది.

చిన్నమేస్త్రి మూడింటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, చేతుల గీతల్లో నలుపు ఎప్పటికీ వదలని రకం. పొద్దున డిటెక్టివ్ అతని షెడ్డుకి వెళ్ళినప్పుడు అడగాల్సినవన్నీ అడిగింది. పంపు తను బిగించలేదన్నాడు. పెద్దమేస్త్రి ఏడంటే తన కూతురింటికి వెళ్ళాడు, సోమవారం సాయంత్రం వెళ్ళాడు అన్నాడు. అంతకుమించి అన్న గురించి మాట్లాడటం ఇష్టం లేనట్టు స్పానరు అందుకున్నాడు. కారు విప్పి చూపించడానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. పోయినాయన చేత్తో ఇరవై రెండేళ్ళు మంచినీళ్ళు తాగానమ్మా అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముసలాయనే ఏదో వీడియో చూసి బిగించుకుని ఉంటాడన్నాడు. చిన్నమేస్త్రి తల అడ్డంగా ఆడించాడు. ఆయనకి చేతులు వణుకుతాయి సార్, కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకునేవాడు అన్నాడు.

వెనక కుడి తలుపు పూర్తిగా వెనక్కి విరిగి వేలాడుతోంది. డిటెక్టివ్ దాని బందుల దగ్గర వంగి చాలాసేపు చూసింది. తలుపు లోపలి అంచున పొడుగ్గా ఒక గీత, అందులో తెల్లటి రాతిపొడి. క్రేను గొలుసు తగిలి విరిగిందని ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. గొలుసైతే తుప్పు గీత ఉండాలి, రాతిపొడి ఎందుకుంటుందని ఆమె అడిగింది.  చిన్నమేస్త్రి అప్పటికే వెనక సీటు మీద చెయ్యి వేశాడు.

చెయ్యి వేశాడంతే, సీటు పైకి లేచొచ్చింది.

"దీనికి బోల్టుల్లేవు" అన్నాడు.

ఎన్ని ఉండాలని డిటెక్టివ్ అడిగింది. రెండు అన్నాడు. ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. చావబోయేవాడు సీటు బోల్టులు పోతాయేమోనని జేబులో దాచుకుంటాడా అని అడగలేదు. అడగక్కర్లేదు. ఇన్‌స్పెక్టర్ గోడ దగ్గర్నుంచి కదిలి ఒకడుగు ముందుకి వచ్చాడు.

సీటు కింద రేకు మూత. దాని కింద పంపు తల, రెండు గొట్టాలు, ఒక వైరు, చుట్టూ లాక్ రింగు. ఇనుప రింగు అది. దాన్ని తిప్పడానికి ఇనుముతో కొడితే నిప్పురవ్వ లేస్తుంది, కింద పెట్రోలు. అందుకని తను ఇత్తడి కడ్డీ వాడతానని చెబుతూనే చిన్నమేస్త్రి కడ్డీ ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు. రింగు పళ్ళ మీద ఎక్కడా గీత లేదు. ఇత్తడితో కొట్టినా చిన్న గీత పడుతుంది. ఇది చెక్కతో కొట్టి బిగించిన రింగు.

అతను కడ్డీని సర్దుకుని మళ్ళీ ఆనించాడు. డిటెక్టివ్ టైము రాసుకుంది. మూడూ పద్దెనిమిది. దాని పక్కన 'చెయ్యి ఆగింది' అని రాసింది.

రింగు వదులైంది. గొట్టాలు విప్పాడు. పంపుని రెండు చేతుల్తో నిలువుగా పైకి తీశాడు. కొత్తదే. రబ్బరు రింగు కొత్తది, వైరు సరిగ్గా గుచ్చి ఉంది, గొట్టాల క్లిప్పులు ఒక్కొక్కటీ లెక్కగా ఉన్నాయి. ఎంత పనివాడైనా అంత శ్రద్ధగా బిగించడు. ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. కొత్త పంపే కదా, ఇక అయిపోయినట్టే కదా అన్నాడు. కొత్త పంపైతే మూడోసారి మిట్ట మీద ఇంజను ఎందుకాగిందని డిటెక్టివ్ అడిగింది. ఆయనే ఆపాడని చెప్పానుగా అన్నాడు.

వాళ్ళు వాదించుకుంటున్న ఆ కొద్దిపాటి సమయంలో చిన్నమేస్త్రి పంపు అడుగున చెయ్యి పెట్టాడు. అక్కడ పెట్రోలు వడగట్టే జాలీ ఉంటుంది. చెయ్యి తీసేసరికి పిడికిలి మూసి ఉంది. మూసిన పిడికిలితోనే నుదురు తుడుచుకున్నాడు.

"చెయ్యి తెరవండి" అంది డిటెక్టివ్.

అతను తెరవలేదు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళూ పెట్రోలూ కలిసి మోచేతిదాకా కారుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. లోపల ఒక గుడ్డ ఉంది. అరచెయ్యంత, నాలుగు మడతలు పెట్టినది. నీలం గళ్ళు.

అదేమిటో చిన్నమేస్త్రి చెప్పాడు. పంపు మార్చేటప్పుడు ట్యాంకు మూతి తెరిచి ఉంటుంది. దుమ్ము పడకుండా అందులో గుడ్డ కూరుతారు. కొత్త పంపు దించే ముందు తీసెయ్యాలి. తియ్యడం మర్చిపోతే అది లోపలికి జారిపోతుంది. సమంగా ఉన్న రోడ్డు మీద ఏమీ కాదు, గుడ్డ ఓ మూల పడుంటుంది. మిట్ట ఎక్కినప్పుడల్లా పెట్రోలుతోపాటు గుడ్డ కూడా కొంచెం కొంచెంగా జారి, చివరికి జాలీకి అతుక్కుంటుంది. పంపుకి ఊపిరాడదు. ఇంజను ఆగిపోతుంది. ఇంజను ఆగితే పాత కారు బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, ముసలాయన కాలికి లొంగదు. హ్యాండ్‌బ్రేకు ఎప్పుడో అరిగిపోయింది.

"ఈ గుడ్డ ఎవరిది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నా చొక్కాది. పాతబడితే చింపి షెడ్డులో వాడతాం." మణికట్టు విడిపించుకున్నాడు. "నేనే బిగించాను సార్. మంగళవారం పొద్దున. గుడ్డ మర్చిపోయింది నేనే. రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం వైపు చూసి కానిస్టేబుల్ని పిలవబోయాడు. డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టింది. నోట్‌బుక్ తిరగేసి చదివింది. మంగళవారం తెల్లవారుజాము నాలుగింటి నుంచి ఏడున్నర దాకా ఇతను స్కూలు వ్యాను కింద పడుకుని గేర్‌బాక్సు విప్పుతున్నాడు. వ్యాను డ్రైవరు పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆరూ నలభైకి ఆయా వచ్చి, పిల్లలు రోడ్డు మీదున్నారు, ఎంతసేపని తిట్టి వెళ్ళింది. ఆ ఇద్దరితోనూ ఆమె పొద్దున మాట్లాడింది.

"మీరు మీ కోసం అబద్ధం చెప్పడం లేదు" అంది. "ఎవరి కోసం?"

 అతను గుడ్డని విప్పి, మళ్ళీ అవే మడతలు పెడుతున్నాడు. కూతురు బల్ల మీద నుంచి లేచి వచ్చింది. సంతకం కాగితం కింద పడింది, దాన్నెవరూ తియ్యలేదు.

"చిన్నమేస్త్రీ, మా నాన్న నా మాటకి పోయాడని మూడు రోజులుగా చస్తున్నాను" అంది. "మీకు తెలిస్తే చెప్పండి. ఎవర్నీ ఏమీ అనను."

అతను తలెత్తాడు.

"మీ నాన్న చావడానికి వెళ్ళలేదమ్మా. పంపు పరీక్షకి వెళ్ళాడు."

తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పంపు మార్చిన ఏ బండినైనా వాళ్ళ షెడ్డులో క్వారీ మిట్ట ఎక్కించాకే ఇస్తారు. నేల మీద ఏ పంపైనా పనిచేస్తుంది, ఎత్తు మీదే దాని బండారం బయటపడుతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి పంపు కోసం, రెండోసారి గొట్టాల కోసం, మూడోసారి మన పొగరు కోసం అని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆ పద్ధతి ఊళ్ళో ఇంకే మెకానిక్కుకీ లేదు. రింగుని చెక్కతో కొట్టేదీ ఇంకెవరూ లేరు. తను కూడా కొట్టడు.

అన్నకి రెండేళ్ళుగా చూపు తగ్గుతోంది. చేత్తో తడిమి, చెవితో విని పని చేస్తాడు. సోమవారం మధ్యాహ్నం ఒక బండికి రెండు గొట్టాలు తారుమారు చేశాడు. బండిగలాయన ముందే తను అరిచాడు. నీ చేత్తో ఇక స్పానరు ముట్టుకోకు అన్నాడు.  సాయంత్రం అన్న స్పానర్ల మూట చంకన పెట్టుకున్నాడు, కూతురింటికి పోతున్నానన్నాడు. బట్టలు కూడా తీసుకోలేదు. రెండ్రోజుల్లో కోపం తగ్గి తనే వస్తాడులే అనుకున్నాడు తమ్ముడు.

డిటెక్టివ్ తన టైములన్నిటినీ మళ్ళీ వరసగా చదువుకుంది. ఈసారి అవి వేరే కథ చెప్పాయి. స్పానర్ల మూటతో బయల్దేరినవాడు ముందు ఈ కారు దగ్గరికే వచ్చాడు. బంకు నుంచి తొమ్మిది నిమిషాల దారి, ఏడూ ఒకటికి కారు క్వారీ చేరింది. ఏడూ ఇరవై దాకా పంతొమ్మిది నిమిషాలు. రెండుసార్లు ఎక్కి దిగి, మూడోసారి సగం ఎక్కడానికి సరిపోయే సమయం. అది భయపడి వెనక్కి తిరగడం కాదు, వరసలో చేస్తున్న పని. బంకులో ఆయన వెనక్కి తిరిగి 'బాగా వినబడుతోందా' అన్నది భార్యతో కాదు. పంపు మోత ఎలా ఉందని అడిగాడు, వినేవాణ్ణి.

"మీ అన్న పంపు చప్పుడు ఎక్కడ కూర్చుని వింటాడు?" అంది.

చిన్నమేస్త్రి ఆ ఖాళీ చోటు వైపు చూశాడు. సీటు పైకెత్తి, దాని చాటున నేల మీద కూర్చుని, చెవి రేకు మూతకి ఆనిస్తాడు. తల కిటికీ పైకి రాదు. ఎదురింటి టీచరుకి కనపడదు. బంకు కెమెరాకీ, పెట్రోలు పోసినవాడికీ కనపడదు.

కూతురు కారు పైకప్పు మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఏడుస్తోంది, కానీ ఇందాకటి ఏడుపు కాదది. స్టెప్నీకి గాలి మా ఊరు వచ్చేటప్పుడే పట్టించేవాడు అంది, ఎవరికీ కాకుండా. సరేనమ్మా అన్నాడుగా, వస్తాననేగా అన్నాడు. అమ్మ దాచిన డబ్బా విప్పాడంటే నా దగ్గరికి రావడానికేగా. డిటెక్టివ్ అవునంది. ఆమె వృత్తిలో అంత తొందరగా అవునని ఎప్పుడూ అనదు.

ఇన్‌స్పెక్టర్ విరిగిన తలుపు దగ్గరికి వెళ్ళాడు. లోపలి అంచున ఉన్న తెల్లటి గీత మీద వేలు రాసి, వేలి కొన చూసుకున్నాడు. కారు వెనక్కి జారుతున్నప్పుడు తలుపు తెరిచి ఉంటేనే ఆ అంచుకి రాతిగోడ తగులుతుంది. నీళ్ళలో పడకముందే ఎవరో లోపలినుంచి ఆ తలుపు తెరిచారు. దిగి చక్రం కింద రాయి పెట్టాలనుకున్నారేమో. దిగారో లేదో తలుపు చెప్పదు.

"కారు తీసినప్పుడు అడుగంతా వెతికించావా?" అని అడిగింది డిటెక్టివ్.

"ఒక్కడే అనుకున్నాం కదా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం వైపు ఆమె చూడలేదు. ట్రైనింగు రోజుల నుంచి తెలిసిన మనిషి. కొన్ని గెలుపులు చేతికి మట్టిలా అంటుకుంటాయి.

"అన్న ఎక్కడికీ పోయుండడు" అన్నాడు చిన్నమేస్త్రి గబగబా. "భయపడి కూతురింటికే పోయుంటాడు. అక్కడే ఉంటాడు. దాక్కునుంటాడమ్మా, కేసులంటే వాడికి భయం." ఫోను తీశాడు. వేళ్ళు తడిగా ఉండి తెర పలకడం లేదు. ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. నాలుగు రోజులుగా తనెందుకు చెయ్యలేదో అప్పుడు చెప్పాడు. ముందు వాడే చెయ్యాలి అనుకున్నాను అన్నాడు.

మూడోసారి మోగాక అన్న కూతురు ఎత్తింది. షెడ్డులో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆమె గొంతు అందరికీ వినపడింది. వెనక ఎక్కడో కుక్కర్ కూతపెడుతోంది. బాబాయి పేరు చూసి ఆమెకి సంతోషంగా ఉన్నట్టుంది.

"బాబాయ్, చాల్రోజులకి చేశావే. అన్నదమ్ములు మళ్ళీ పోట్లాడుకున్నారా? నాలుగు రోజుల్నుంచి నాన్న ఫోను ఆపేసి ఉంది. నీ మీద కోపంతో ఆపుకున్నాడులే అని ఊరుకున్నా. ఒకసారి నాన్నకివ్వు."

చిన్నమేస్త్రి ఫోనుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.  అవతల ఆమె హలో అంది. బాబాయ్, వినపడుతోందా అంది.

ఇన్‌స్పెక్టర్ చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచాడు. గుమ్మం దాటాక అతని గొంతు వినపడింది. క్వారీకి మళ్ళీ పంపమంటున్నాడు, ఈతగాళ్ళని, క్రేనుని, లైట్లు కూడా. ఎంతమందని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు. ఉన్నవాళ్ళందరినీ అన్నాడు.

షెడ్డులో డిటెక్టివ్ ఫోను కోసం చెయ్యి చాపింది. ఇలాంటి మాటలు చెప్పడం ఆమె పని, చాలాసార్లు చెప్పింది. కానీ ఆమెకంటే ముందు ఇంకో చెయ్యి అందుకుంది. డ్రాఫ్ట్స్‌మన్ కూతురు. మొహం కొంగుతో తుడుచుకుని, చిన్నమేస్త్రి వేళ్ళలోంచి ఫోను మెల్లగా విడదీసి, చెవికి పెట్టుకుంది. రెండో చేత్తో అతని భుజం పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"నేను మీగడ రంగు కారువాళ్ళ అమ్మాయిని అక్కా" అంది. "మీ ఇంట్లో ఇప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"